కష్టం తీరితేనే విడుదలా?

పరకాల చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా శుక్రవారం నాడు ఉపవాస ప్రార్థన జరుగుతూనే ఉంటుంది. రేకుల షెడ్డు, రెండు స్పీకర్లు, ఒక కీబోర్డు, చాపల మీద కొంగు నెత్తిన కప్పుకుని కూర్చున్న ఆడవాళ్లు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి సాక్ష్యాలు మొదలవుతాయి. ఒకామెకు ఏళ్ల తరబడి ఉన్న నడుం నొప్పి పోయింది, విడుదల. ఒకాయన కొడుక్కి దుబాయ్ వీసా దొరికింది, విడుదల. భూమి కేసు గెలిచారు, బిడ్డ పెళ్లి కుదిరింది, చేతబడి తేలిపోయింది, అన్నీ విడుదలలే. ప్రతి సాక్ష్యానికీ చప్పట్లు, స్తోత్రాలు. చివర్లో నూనె సీసాలు, ప్రార్థన విన్నపం రాసే చీటీలు, దాంతోపాటు కానుక కవరు.

ఇన్నేళ్ల చప్పట్లలో ఒక నమ్మకం గట్టిపడింది. క్రైస్తవంలో ఆత్మీయ స్వేచ్ఛ అంటే కష్టాలు తీరడమేనట. దేవుడు విడిపించిన మనిషికి జబ్బు ఉండదు, అప్పు ఉండదు, ఓటమి ఉండదు. ఇవి ఇంకా ఉన్నాయంటే విశ్వాసంలో లోపం ఉండాలి, లేదా ఇంటి మీద పాత శాపం ఏదో కరగకుండా మిగిలి ఉండాలి. ఈ మాట టీవీ చానళ్లలో వినబడుతుంది, యూట్యూబ్‌లో వినబడుతుంది, మారుమూల షెడ్డులోనూ వినబడుతుంది. దీన్ని కాస్త అతి అనుకుని ఊరుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఊరుకోలేను. ఇది అతి అయితే ఫరవాలేదు, ఇది తలకిందులు. వేదంలో, అంటే బైబిల్లో ఉన్నదానికి సరిగ్గా ఎదురు.

ఆ చాపల మీద కూర్చున్నవాళ్లతో నాకు పేచీ లేదు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో పొద్దంతా లైన్లో నిలబడి, బయట స్కానింగుకు డబ్బుల్లేక తిరిగొచ్చిన మనిషి ప్రార్థనకు పోతే తప్పుపట్టే హక్కు ఎవరికుంది? చదువుకున్నవాళ్లు వాళ్లను చూసి నవ్వడం నాకు నచ్చదు. నా పేచీ బోధతో. ఆ మనిషి బాధను తీసుకుని, దానికి ఒక కారణం అల్లి, ఆ కారణాన్ని ఆమె నెత్తినే పెట్టి పంపే బోధతో.

పత్తి సంగతే తీసుకోండి. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతుల చావులు దేశమంతటికీ వార్త అయ్యాయి. అకాల వానలు, లద్దె పురుగు, పచ్చ పురుగు, ఎన్నిసార్లు కొట్టినా పని చేయని మందులు. మందులు అమ్మే షాపువాడే అప్పు ఇస్తాడు, అప్పు ఇచ్చినవాడే పంట కొంటాడు, ధర వాడు చెప్పిందే. ఇప్పుడు విత్తనం మారింది, గులాబీ రంగు పురుగు వచ్చింది, లెక్క మాత్రం పెద్దగా మారలేదు. 2018లో మొదలైన రైతుబంధు పట్టా ఉన్నవాడికే వచ్చింది, కౌలుకు చేసేవాడికి రాలేదు. ఈ ప్రాంతపు రైతు అప్పుకు కారణాలు ఇవి. వీటికి పేర్లున్నాయి, తేదీలున్నాయి, రసీదులు కూడా ఉన్నాయి.

ఇప్పుడు అదే రైతు భార్య చీటీ మీద 'అప్పుల నుంచి విడుదల' అని రాసి ఇస్తుంది. ఆమెకు దొరికే జవాబు ఏమిటి? మీ మామ పోచమ్మకు కోళ్లు కోశాడు, మీ తాతల కాలంలో విగ్రహారాధన ఉంది, అది వంశపు శాపం, దాన్ని విరగ్గొట్టాలి, ఇరవయ్యొక్క రోజులు ఉపవాసం పట్టాలి, విత్తనం వేసినట్టు దేవుని పనికి కానుక వేయాలి. శాపం అని పేరు పెట్టగానే విత్తనాల షాపు నిర్దోషి, వడ్డీ నిర్దోషి, కౌలు నిర్దోషి. నేరమంతా చచ్చిపోయిన తాత మీదికి పోతుంది. తాత వచ్చి జవాబు చెప్పుకోలేడు కదా.

వేదం ఈ సంగతి మీద మౌనంగా ఉంటే ఏదో ఒకటి అనుకోవచ్చు. మౌనంగా లేదు. తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే పిల్లల పళ్లు పులిశాయనే సామెత తన ప్రజల నోట ఇక వినబడకూడదని యెహెజ్కేలు 18వ అధ్యాయంలో దేవుడే చెబుతాడు. తండ్రి పాపం కొడుకు మోయడని ఆ అధ్యాయమంతా కేసు వాదించినట్టు వాదిస్తుంది. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డిని చూసి శిష్యులు వేసిన ప్రశ్న అచ్చం మన శుక్రవారపు ప్రశ్నే: పాపం ఇతనిదా, ఇతని తల్లిదండ్రులదా? యేసు రెండూ కాదన్నాడు. సిలోయం గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు వాళ్లు మిగతావాళ్లకంటే పాపులని అనుకోవద్దని లూకా 13లో చెప్పింది కూడా ఆయనే. పౌలు గలతీయులకు రాసిన పత్రికలో ఇంకా ముందుకు పోతాడు. ధర్మశాస్త్రపు శాపాన్ని క్రీస్తు సిలువ మీద తన మీద వేసుకున్నాడు, ఆ లెక్క ముగిసింది అంటాడు. ముగిసిన శాపాన్ని ప్రతి శుక్రవారం మళ్లీ విరగ్గొట్టాలంటే సిలువ మీద పని సగంలో ఆగిందని చెప్పినట్టే. బోధకుడు ఆ సంగతి గమనించాడో లేదో మరి.

దీనికి వాళ్ల దగ్గర ఒక జవాబుంది, అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. యేసు స్వస్థపరచలేదా? దయ్యాలను వెళ్లగొట్టలేదా? నజరేతు సమాజ మందిరంలో యెషయా గ్రంథం తెరిచి, చెరలో ఉన్నవాళ్లకు విడుదల ప్రకటించడానికే వచ్చానని చెప్పుకోలేదా? నిజమే, అన్నీ చేశాడు. ప్రార్థిస్తే జబ్బు తగ్గదని నేనేమీ అనడం లేదు. తగ్గిందని చెప్పేవాళ్లను అబద్ధాలకోరులనడం లేదు. కానీ ఆయన ఎలా చేశాడో కూడా చూడాలి. పదిమంది కుష్ఠురోగులు బాగుపడితే ఒక్కడే తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పాడు. మిగతా తొమ్మిదిమందికి రోగం తిరిగొచ్చిందని లూకా ఎక్కడా రాయలేదు. బాగైన కొందరితో ఎవరికీ చెప్పొద్దు అన్నాడు. మన దగ్గర బాగైన మనిషిని మొదట పట్టుకెళ్లేది కెమెరా ముందుకు. ఇక పౌలు, విడుదల గురించి అందరికంటే ఎక్కువ రాసినవాడు, తన శరీరంలో ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. తీయలేదు. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో సంతోషం గురించి ఎన్నిసార్లు మాట్లాడాడో, ఆ మాటలన్నీ సంకెళ్లలో ఉండి రాసినవే. మన ఉపవాస ప్రార్థనకు వస్తే పౌలుకు సాక్ష్యం చెప్పే అవకాశం దొరకదు. ముల్లు పోలేదు, జైలు నుంచి రాలేదు, ఏం చెబుతాడు?

మరి పౌలు స్వేచ్ఛ అన్నది దేన్ని? గలతీ పత్రిక ఎందుకు పుట్టిందో చూస్తే తెలుస్తుంది. గలతీయలో యూదులు కానివాళ్లు విశ్వాసంలోకి వచ్చారు. వాళ్ల వెంట కొందరు బోధకులు వచ్చి, క్రీస్తు ఒక్కడే చాలడు, సున్నతి కూడా చేయించుకోవాలి, దినాలు పాటించాలి, అప్పుడే దేవుడు పూర్తిగా అంగీకరిస్తాడు అన్నారు. పౌలు కోపం ఆ 'కూడా' మీద. దేవుని అంగీకారం ముందే దొరికిపోయింది, దాన్ని సంపాదించుకోవాలనే భయం నుంచి విడిపోవడమే విడుదల అన్నాడు. అంటే కష్టం ఉందా లేదా అన్నది అక్కడ కొలతే కాదు. కొలత భయం. దేవుడు నన్ను వదిలేశాడేమో, ఇంకేదో చేయాలేమో, ఇంకేదో ఇవ్వాలేమో అనే భయం. ఈ లెక్కన నూనె సీసా తలగడ కింద పెట్టుకోకపోతే రాత్రి నిద్రపట్టని మనిషి విడుదల పొందిన మనిషి కాదు. ఇంటి గుమ్మానికి ఉన్న నిమ్మకాయ తీసేసి ఆ మేకుకే నూనె సీసా తగిలించిన ఇల్లు నేను చూశాను. మేకు అదే, భయమూ అదే.

ఇది కొత్త జబ్బు కూడా కాదు. 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ గొడవ మొదలైంది పాపపరిహార పత్రాల అమ్మకం మీద. చనిపోయినవాళ్ల ఆత్మలకు శుద్ధిస్థలం నుంచి విడుదల అంటూ డబ్బుకు చీటీలు అమ్మేవారు. మూడేళ్ల తర్వాత 1520లో లూథర్ క్రైస్తవుని స్వేచ్ఛ మీద చిన్న పుస్తకం రాశాడు. విశ్వాసి ఎవరి కిందా ఉండడు, అయినా అందరికీ చాకిరీ చేస్తాడు, ఆ రెండూ ఒకేసారి నిజమని దాని సారం. భయం పోయినవాడికి తన గురించి తాను పట్టించుకునే పని తగ్గుతుంది. చేతులు ఖాళీ అవుతాయి, పక్కవాడి పనికి వస్తాయి. శుక్రవారపు బోధలో ఈ రెండో సగం వినబడదు. నా విడుదల, నా ఇల్లు, నా వీసా. పక్కింటివాడు ఎక్కడా లేడు.

తెలుగు నేల మీద ఈ స్వేచ్ఛ ఎలా ఉండేదో చూడాలంటే ఒంగోలుకు పోవాలి. మన హనుమకొండలో 1879లో అమెరికన్ బాప్టిస్టులు స్టేషన్ పెట్టడానికి పదమూడేళ్ల ముందే మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. ఆయన్ను తాళ్లకొండపాడు మాదిగవాడకు రప్పించింది యెర్రగుంట్ల పేరయ్య. తోలు వ్యాపారం చేసేవాడు, అంతకుముందే గురువులను వెతుక్కుని యోగం నేర్చుకున్న మనిషి. అన్నం కోసం వచ్చినవాడు కాదని ఆయన కథే చెబుతుంది. 1876-78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత దూరం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. అదే సమయంలో ఒక పని చేశాడు, మన బోధకులు నాలుగుసార్లు చదవాల్సిన పని. బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి దొరుకుతుందని వస్తున్నారేమోనని, ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. సహాయం పనులు ముగిశాకే మళ్లీ మొదలుపెట్టారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది తెలుగు బోధకులే, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ. కష్టం తీర్చడం ఒకటి, విశ్వాసం ఒకటి, రెండింటినీ ముడిపెట్టి బేరం చేయకూడదని ఆయనకు తెలుసు. మన దగ్గర ఆ ముడే బోధ అయింది.

బాప్తిస్మం తర్వాత వాళ్ల బతుకు తేలికైందా? కష్టమైంది. చచ్చిన గొడ్డు మాంసం తినం అన్నారు, జాతరలో డప్పు కొట్టం అన్నారు, ఆదివారం పనికి రాం అన్నారు. ఊరు ఊరుకుంటుందా? పనులు ఆపారు, బావులు ఆపారు, కొట్టారు. నేటి కొలతతో కొలిస్తే వాళ్లలో ఒక్కరికీ విడుదల రాలేదు. కానీ తరతరాలుగా ఊరు చెప్పినట్టు వంగిన నడుము ఆ మాట అన్నప్పుడు మొదటిసారి నిటారైంది. నడుం నొప్పి పోవడం కంటే అది చిన్న సంగతా? ఇంకో సంగతి కూడా ఉంది. మొదట్లో ఒంగోలులో పై కులాలవాళ్లు కొందరు క్రైస్తవం వైపు మొగ్గారు, మాదిగలను చేర్చుకోకపోతే వస్తామన్నారు. క్లౌ దంపతులు మాదిగలను వదులుకోలేదు, వాళ్లు రాలేదు. సంఖ్య, పరపతి, కానుకలు అన్నీ అటువైపు ఉన్నాయి. ఆ రోజు లెక్క వేసుకుని ఉంటే ఇవాళ తెలుగు సంఘం ఇలా ఉండేది కాదు.

పరకాలవాళ్లకు ఈ పాఠం పరాయి గడ్డ నుంచి చెప్పాల్సిన పని లేదు. 1947 సెప్టెంబరు 2న ఇక్కడ జాతీయ జెండా ఎత్తడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి మూడు వారాలు కూడా కాలేదు, మనం మాత్రం నిజాం కిందే ఉన్నాం. రజాకార్లు, నిజాం పోలీసులు కాల్పులు జరిపారు, 20 మందికి పైగా చనిపోయారు. అమరధామంలో ఆ దృశ్యం శిల్పాలుగా నిలిచింది. వాళ్లు స్వేచ్ఛ వచ్చాక వచ్చినవాళ్లు కాదు. నిజాం పోయింది ఏడాది తర్వాత, 1948 సెప్టెంబరు 17న. రాజ్యం సంగతి వేరు, ఆత్మ సంగతి వేరు, రెండింటినీ కలపడం నా ఉద్దేశం కాదు. అయితే ప్రమాదం తొలగితేనే స్వేచ్ఛ అనే బోధను ఆ శిల్పాల ముందు నిలబడి చెప్పమంటే ఎవరికైనా నోరు పెగలదు. తమాషా ఏమిటంటే కాల్పులు జరిగిన ఆ నెలలోనే, 1947 సెప్టెంబరు 27న, మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఎన్నో ఏళ్లుగా వేరువేరుగా ఉన్న సంఘాలు ఒకే బల్ల దగ్గరికి వచ్చాయి.

బల్ల అన్నాను కాబట్టి ఆ సంగతి కాస్త వివరంగా మాట్లాడాలి. ఆత్మీయ స్వేచ్ఛ అంటే లోపల జరిగేది, కులంతో భూమితో దానికి పని లేదని చెప్పేవాళ్లు ఇంకో గుంపు ఉన్నారు. వీళ్లు నూనె సీసాలవాళ్లను చిన్నచూపు చూస్తారు, ఆరాధన క్రమంగా చేస్తారు, పాత కీర్తనలు పాడతారు. వీళ్లకు పౌలు జవాబు అంతియొకయలో ఉంది. పేతురు అక్కడ యూదులు కానివాళ్లతో కలిసి తింటున్నాడు. యెరూషలేము నుంచి కొందరు రాగానే మెల్లగా లేచి పక్కకు పోయాడు. పౌలు అందరి ముందు నిలదీశాడు. పేతురు సిద్ధాంతంలో తప్పేమీ చెప్పలేదు, తిండి దగ్గర వెనక్కి జరిగాడు, అంతే. ఆ ఒక్క కదలికనే పౌలు సువార్తకు ద్రోహం అన్నాడు. లోపలి స్వేచ్ఛకు పరీక్ష కంచం దగ్గర జరిగింది. మన సంఘాల్లో ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె, ఒకే ద్రాక్షారసం. పెళ్లి సంబంధం మాట రాగానే మీది ఆ పక్క, మాది ఈ పక్క. మాల సంఘం, మాదిగ సంఘం అని బోర్డు మీద రాయరు కానీ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ప్రభుత్వానిదీ అదే అమాయకత్వం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు, వీళ్లకు తెరవలేదు. తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సి కింద ఒక్క శాతం దొరుకుతుంది. మతం మారితే కులం పోయిందని కాగితం అంటుంది, పోలేదని సంఘం నిరూపిస్తుంది.

కంచం దగ్గరే ఇంకో గొడవ. రెండేళ్లకోసారి మేడారం జాతర అయ్యాక పక్కింటావిడ బంగారం పంపుతుంది. సమ్మక్క-సారలమ్మల బెల్లం ముక్క, కాగితంలో చుట్టి. విశ్వాసి ఇంట్లో అది పెద్ద సంక్షోభం. తీసుకోవాలా వద్దా? తీసుకుంటే శాపమా? కొందరు గుమ్మం దగ్గరే తిప్పి పంపుతారు, కొందరు ఆవిడ పోయాక చెత్తలో వేస్తారు, ఆ రాత్రి పిల్లాడికి జ్వరమొస్తే బెల్లం ముట్టుకున్నందుకే అని పాస్టర్ గారికి ఫోన్ చేస్తారు. కొరింథులో సరిగ్గా ఇదే ప్రశ్న వచ్చింది. విగ్రహాలకు అర్పించిన మాంసం తినొచ్చా? గుడి పంక్తిలో కూర్చోవద్దని పౌలు కచ్చితంగానే చెప్పాడు. అంగడి మాంసం విషయంలో మాత్రం విగ్రహంలో ఏ శక్తీ లేదు, ఎవరైనా భోజనానికి పిలిస్తే ప్రశ్నలడగకుండా తినండి అన్నాడు. ఆ పంక్తిలో ఎవరి మనస్సాక్షి అయినా నొచ్చుకుంటే వాడి కోసం మానేయండి అన్నాడు. అంటే మానేసినా భయంతో కాదు, పక్కవాడి మీద ప్రేమతో. బెల్లం ముక్క వద్దనుకునేవాళ్లు వద్దనుకోవచ్చు, ఆవిడ చేతులు పట్టుకుని మర్యాదగా చెప్పొచ్చు. కానీ బెల్లానికి భయపడేవాడు దాని శక్తిని పూజించేవాడికంటే ఎక్కువ నమ్ముతున్నట్టు. బొట్టు, పూలు, గాజులు, పట్టుచీర, వీటి మీద సంఘాల్లో నడిచే చట్టాలన్నీ ఈ ఖాతాలోకే వస్తాయి, వాటి గురించి ఇంతకంటే చెప్పే ఓపిక నాకు లేదు.

దశమభాగం మాట కూడా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే శాపం బోధ చివరికి ఆగేది అక్కడే. మలాకీ గ్రంథం చూపించి, పదో వంతు ఇవ్వకపోతే శాపం అంటారు. ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చివర ఎవరూ చదవరు. మూడో ఏట దశమభాగం ఊరి గుమ్మాల దగ్గర పెట్టి లేవీయులకు, పరదేశులకు, దిక్కులేని పిల్లలకు, విధవరాండ్రకు కడుపునిండా తిండి పెట్టమని అక్కడుంది. అప్పుల్లో ఉన్న పత్తి రైతు భార్య దగ్గర పదో వంతు తీసుకోవడం ఆ చట్టం ఉద్దేశానికి కూడా విరుద్ధమే. ఆ ఉద్దేశం ప్రకారం ఆమెకు ఇవ్వాలి.

పరకాలలో ఏ సంఘానికి పోయేవాళ్లయినా సరే, ఒక మాట అడుగుతున్నాను. వచ్చే శుక్రవారం సాక్ష్యాల సమయంలో జబ్బు తగ్గని మనిషికి ఒకసారి మైకు ఇప్పించండి. అప్పు తీరని కౌలు రైతు చేత మాట్లాడించండి. కొడుకు తిరిగిరాని తల్లిని, దేవుడు నీతో ఉన్నాడా అని అడగండి, ఆమె చెప్పేదాకా ఆగండి. ఆ సాక్ష్యానికి కూడా స్తోత్రం చెప్పండి. బోధకుడు వద్దంటే, ఎందుకు వద్దో అందరి ముందు అడగండి.